30 పాయింట్ల తేడాతో గెలిచిన మ్యాచ్‌లో ఆటగాళ్లకు గ్రేడ్లు వేయడం ఎలా?

నాలుగు పాయింట్లతో గట్టెక్కిన బాస్కెట్‌బాల్ మ్యాచ్‌కి గ్రేడ్లు వేయడం తేలిక. ఎవరు నిలబెట్టారో, ఎవరు ముంచబోయారో కళ్లముందే ఉంటుంది. చిక్కంతా ముప్పై, నలభై పాయింట్ల తేడాతో గెలిచినప్పుడే. ఆటగాళ్ల లెక్కల పట్టిక, అదే బాక్స్ స్కోర్‌లో ఏ పేరు పక్కన చూసినా అంకెలు నిండుగా ఉంటాయి. బెంచ్ మీద చివర్లో కూర్చునే కుర్రాడికి కూడా పన్నెండు పాయింట్లు, పక్కనే ప్లస్ 15 (అతను ఆడినంతసేపట్లో జట్టు 15 పాయింట్లు ముందుకెళ్లిందని). అందరినీ ఒకే గాటన కట్టి తలో ‘ఏ’ వేసేసి లేచిపోదామనిపిస్తుంది. అలా వేసిన గ్రేడు చదివినవాళ్లకు స్కోరు తప్ప కొత్తగా తెలిసేదేమీ ఉండదు.

మీరు జట్టు కోసం వేస్తున్నా, పాఠకుల కోసం రాస్తున్నా, స్నేహితులతో వాదించడానికే అయినా ఒక్క ప్రశ్న పట్టుకుని కూర్చోండి: ఫలితం ఇంకా తేలనప్పుడు ఈ ఆటగాడు ఏం చేశాడు? మిగతా పనంతా దానికి జవాబు వెతకడమే.

ఆట ఎక్కడ తెగిందో ముందు పట్టుకోండి

బాక్స్ స్కోర్ పక్కన పెట్టి ముందు ప్లే-బై-ప్లే తెరవండి. ప్రతి షాట్, ప్రతి ఫౌల్, ప్రతి సబ్‌స్టిట్యూషన్ టైముతో సహా వరుసగా ఉండే జాబితా అది. పైనుంచి చదువుకుంటూ వచ్చి రెండు చోట్ల గీత గీయండి. ఆధిక్యం 15 దాటి, ఆ తర్వాత ఎప్పుడూ అంతకంటే కిందికి దిగని చోట మొదటి గీత. గెలుస్తున్న జట్టు కోచ్ తన ప్రధాన ఆటగాళ్లను ఇక లేపనవసరం లేదని కూర్చోబెట్టేసిన చోట రెండో గీత. దాంతో మ్యాచ్ మూడు ముక్కలవుతుంది. ఆట బతికున్న సేపు, వాలిపోయిన సేపు, ముగిసిపోయిన సేపు అని నేను రాసుకుంటాను.

మూడో ముక్కనే బాస్కెట్‌బాల్ వాళ్లు గార్బేజ్ టైమ్ అంటారు. దీనికి బాగా వాడుకలో ఉన్న లెక్క ‘క్లీనింగ్ ద గ్లాస్’ అనే గణాంకాల సైట్‌ది. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో అయితే, నాలుగో క్వార్టర్‌లో తొలి మూడు నిమిషాల్లో తేడా 25 లేదా అంతకంటే ఎక్కువ, తర్వాతి మూడు నిమిషాల్లో 20, చివరి ఆరు నిమిషాల్లో 10 ఉండాలి. దానికి తోడు రెండు జట్లవీ కలిపి కోర్టులో ఇద్దరికి మించి స్టార్టర్లు (మ్యాచ్ మొదలుపెట్టిన ఐదుగురిలోని వాళ్లు) ఉండకూడదు. ఈ రెండో షరతు ముఖ్యం. ప్రత్యర్థి ఇంకా తన స్టార్టర్లతో పోరాడుతుంటే, 22 పాయింట్లు వెనకబడినా ఆట పూర్తిగా చచ్చిపోలేదన్నమాట. ఈ లెక్క 12 నిమిషాల క్వార్టర్‌కి కట్టింది. అంతర్జాతీయ సమాఖ్య ఫిబా మ్యాచ్‌ల్లో క్వార్టర్ 10 నిమిషాలే కాబట్టి హద్దులు మీరే కాస్త దగ్గరికి జరుపుకోవాలి.

మొదటి గీత తొందరపడి గీయకండి. 1996 నవంబర్ 27న డెన్వర్ నగ్గెట్స్ హాఫ్ టైమ్‌కి 70-36తో ముందుంది. ఒక దశలో తేడా 36 దాకా వెళ్లింది. యూటా జాజ్ ఆ మ్యాచ్‌ని 107-103తో గెలిచింది. అందుకే గీత ఎప్పుడూ మ్యాచ్ అయ్యాక, వెనక్కి తిరిగి చూసి గీయాల్సిందే. ఆడుతుండగా ‘ఇక అయిపోయింది’ అని నోట్స్ రాయడం ఆపేసినవాళ్ల దగ్గర మూడో క్వార్టర్ గురించి చెప్పడానికి ఏమీ ఉండదు.

ప్లే-బై-ప్లే దొరకని స్కూలు, క్లబ్బు మ్యాచ్‌లైతే కాగితం, పెన్ను చాలు. సబ్‌స్టిట్యూషన్ జరిగిన ప్రతిసారీ టైము, స్కోరు, లోపలికి వచ్చిందెవరు, బయటికి వెళ్లిందెవరు అన్నవి రాసుకోండి. పాయింట్లు స్కోరర్ టేబుల్ వాళ్లు ఎలాగూ రాస్తారు.

అంకెలు చూడకముందే పాత్ర రాసుకోండి

ప్రతి ఆటగాడి పేరు పక్కన, అతని నుంచి ఆ రోజు జట్టు ఆశించిందేమిటో ఒక్క ముక్కలో రాయండి. ‘బంతి నడపాలి’, ‘అవతలి మెయిన్ స్కోరర్‌ని ఆపాలి’, ‘స్క్రీన్లు (సహచరుడికి దారి దొరికేలా డిఫెండర్‌కి అడ్డుగా నిలబడటం) పెట్టి రీబౌండ్లు (తప్పిన షాట్ల బంతులు) పట్టాలి’, ‘బెంచ్ నుంచి వచ్చి త్రీలు (దూరం నుంచి మూడు పాయింట్ల షాట్లు) వేయాలి’. బాక్స్ స్కోర్ ఒకసారి కళ్లబడ్డాక ఈ పని నిజాయితీగా చేయలేం. ఇరవై పాయింట్లు కొట్టినవాడి పాత్ర స్కోరింగే అనిపిస్తుంది, ఆరు కొట్టినవాడు విఫలమయ్యాడనిపిస్తుంది. గ్రేడు కొలిచేది పాత్రకూ పనికీ మధ్య దూరాన్ని. జట్టులో ఎవరు గొప్ప అన్నది వేరే చర్చ.

అంకెల్ని పిండే పద్ధతి

ఇక్కడ కాస్త ఎక్కువసేపు కూర్చోవాలి. ఏకపక్ష విజయంలో అంకెలు అబద్ధం చెప్పే తీరు వేరుగా ఉంటుంది కాబట్టి, ఒక ఊహా మ్యాచ్ పెట్టుకుని చూద్దాం. 48 నిమిషాల ఆట, స్కోరు 118-82. తేడా 36.

ముందు ప్లస్-మైనస్. ఆటగాడు కోర్టులో ఉన్నంతసేపు జట్టు ఎంత ముందుకెళ్లింది, ఎంత వెనకబడింది అన్నదే ఆ అంకె. కోర్టులో ఎప్పుడూ ఐదుగురు ఉంటారు కాబట్టి జట్టు మొత్తం ప్లస్-మైనస్ కూడితే తేడాకు ఐదు రెట్లు రావాలి. ఇక్కడ 180. రాకపోతే ఎవరి అంకో తప్పు పడిందని అర్థం, సరిచూసుకోండి. ఆ 180ని పదిమందికి పంచితే సగటున తలా ప్లస్ 18 వస్తుంది. అంటే ఈ మ్యాచ్‌లో ప్లస్ 18 అనేది మామూలు అంకె! నిమిషాల ప్రకారం చూస్తే ఇంకా స్పష్టం. 48 నిమిషాల్లో 36 అంటే నిమిషానికి 0.75. కాబట్టి 24 నిమిషాలు ఆడినవాడికి జట్టు సగటు ప్లస్ 18, 15 నిమిషాలు ఆడినవాడికి సుమారు ప్లస్ 11. ఆటగాడి అంకెలోంచి ఈ సగటు తీసేసి, మిగిలినదాన్ని చూడండి. ‘అబ్బో, ప్లస్ 14’ అని మెచ్చుకున్నవాడు ఉన్నట్టుండి సగటు కంటే కింద తేలతాడు.

తర్వాత షూటింగ్ సామర్థ్యం. ఉత్త ఫీల్డ్ గోల్ శాతం (ఎత్తిన షాట్లలో పడినవెన్ని) చూడకండి, అది త్రీకీ టూకీ తేడా ఎరగదు. ట్రూ షూటింగ్ వాడండి: పాయింట్లను, రెండు రెట్లు (షాట్ ప్రయత్నాలు + 0.44 × ఫ్రీ త్రో ప్రయత్నాలు)తో భాగించడం. ఫ్రీ త్రో అంటే ప్రత్యర్థి ఫౌల్ చేస్తే దక్కే అడ్డులేని షాట్. కానీ దీన్ని మ్యాచ్ మొత్తానికి ఒకసారి, ఆట బతికున్న సేపటికి మరోసారి, రెండుసార్లు లెక్కకట్టండి. రెంటి మధ్య తేడాలోనే అసలు కథ దొరుకుతుంది.

మూడోది గేమ్ స్కోర్. బాస్కెట్‌బాల్ గణాంకాల విశ్లేషకుడు జాన్ హోలింజర్ కట్టిన ఈ సూత్రం ఒక మ్యాచ్‌లోని బాక్స్ స్కోర్ అంతటినీ ఒక్క అంకెలోకి దించుతుంది. పాయింట్లు, వాటికి 0.4 × పడిన షాట్లు కలిపి, 0.7 × ప్రయత్నించిన షాట్లు తీసేయాలి. తప్పిన ప్రతి ఫ్రీ త్రోకి 0.4 కోత. అఫెన్సివ్ రీబౌండ్‌కి (మనవాళ్ల షాట్ తప్పితే పట్టింది) 0.7, డిఫెన్సివ్‌కి (అవతలివాళ్లది తప్పితే పట్టింది) 0.3, స్టీల్‌కి (ప్రత్యర్థి బంతి లాక్కోవడం) 1, అసిస్ట్‌కి (షాట్ పడేలా ఇచ్చిన పాస్) 0.7, బ్లాక్‌కి (ఎత్తిన షాట్‌ని అడ్డుకోవడం) 0.7 కలుస్తాయి. ఫౌల్‌కి 0.4, టర్నోవర్‌కి (బంతి పోగొట్టుకోవడం) 1 పోతాయి. పది వస్తే సగటు ఆట, నలభై వస్తే అసాధారణం.

ఇప్పుడు మన ఊహా జట్టులో నలుగురిని చూడండి.

గార్డ్: 24 నిమిషాలు, 14 పాయింట్లు, 9 షాట్లలో 5, అందులో రెండు త్రీలు, ఫ్రీ త్రోలు రెంటికి రెండు, 9 అసిస్టులు, 2 స్టీల్స్, 3 డిఫెన్సివ్ రీబౌండ్లు, 2 ఫౌల్స్, 1 టర్నోవర్, ప్లస్ 27. గేమ్ స్కోర్ 17.1. ట్రూ షూటింగ్ 71 శాతం. తొమ్మిది అసిస్టుల్లో ఏడు ఆట బతికున్నప్పుడే.

సెంటర్: 22 నిమిషాలు, 4 పాయింట్లు, 3 షాట్లలో 2, 3 అఫెన్సివ్, 5 డిఫెన్సివ్ రీబౌండ్లు, 2 అసిస్టులు, ఒక బ్లాక్, 3 ఫౌల్స్, 1 టర్నోవర్, ప్లస్ 25. గేమ్ స్కోర్ 6.2 మాత్రమే.

ఫార్వర్డ్, జట్టు స్టార్ ఇతనే: 27 నిమిషాలు, 22 పాయింట్లు, 19 షాట్లలో 8, రెండు త్రీలు, ఫ్రీ త్రోలు నాలుగుకి నాలుగు, ప్లస్ 14. ఆట బతికున్న సేపు 12 షాట్లలో 3 మాత్రమే పడ్డాయి, 3 టర్నోవర్లు. తేడా పాతిక దాటాక ఏడింటికి ఐదు వేశాడు.

బెంచ్ షూటర్: 15 నిమిషాలు, 19 పాయింట్లు, 12 షాట్లలో 7, మూడు త్రీలు, ఫ్రీ త్రోలు రెంటికి రెండు, ఒక డిఫెన్సివ్ రీబౌండ్, ఒక ఫౌల్, ఒక టర్నోవర్, ప్లస్ 6. ట్రూ షూటింగ్ 74 శాతం, గేమ్ స్కోర్ 12.3. పందొమ్మిదిలో 15 పాయింట్లు ఆట ముగిసిపోయాక వచ్చినవే.

గేమ్ స్కోర్‌ని నమ్ముకుంటే బెంచ్ షూటర్ విలువ సెంటర్‌కి దాదాపు రెట్టింపు. వీడియో చూస్తే సెంటర్ ఉన్నంతసేపు ప్రత్యర్థి గార్డులు లోపలికి దూరి, బంతి ఎత్తబోయి, మనసు మార్చుకుని బయటికి పాస్ చేసి ఉండవచ్చు. వేయని షాట్‌కి బాక్స్ స్కోర్‌లో గడి లేదు. అతను పెట్టిన స్క్రీన్ల మీదే గార్డ్ అసిస్టుల్లో సగం పుట్టి ఉండవచ్చు. 22 నిమిషాలకు జట్టు సగటు ప్లస్ 16.5 అయితే అతనిది 25. నేనైతే గార్డ్‌కి ఏ, సెంటర్‌కి ఏ మైనస్ వేస్తాను. బెంచ్ షూటర్‌కి బి. ఫార్వర్డ్‌కి సి ప్లస్: 27 నిమిషాలకు జట్టు సగటు ప్లస్ 20, అతనిది 14. ఈ చివరి గ్రేడు మీద తిట్లు పడతాయి, పడనివ్వండి. జట్టు గెలిచాక స్టార్‌కి సి వేయలేనివాళ్లు ఓడాక అదే స్టార్‌కి ఎఫ్ వేసి గీత దాటేస్తారు.

నిమిషాలు తక్కువైనప్పుడు ‘36 నిమిషాలకు ఇంత’ అని సాగదీసే లెక్క మాత్రం వద్దు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో అమెరికా నైజీరియాను 156-73తో ఓడించిన రోజు కార్మెలో ఆంథనీ 14 నిమిషాల్లో 37 పాయింట్లు కొట్టాడు, 12 త్రీలలో 10 పడ్డాయి. సాగదీస్తే 36 నిమిషాలకు 95 పాయింట్లు. ఆ అంకెతో ఏం చేసుకుంటాం?

తేడా తెచ్చినవాడా, తేడాలో ఆడుకున్నవాడా?

ఏకపక్ష మ్యాచ్‌లో పెద్ద అంకె వచ్చిందని అనుమానంతోనే చూడనక్కర్లేదు. 2016 డిసెంబర్ 5న ఇండియానా పేసర్స్ మీద క్లే థాంప్సన్ 29 నిమిషాల్లో 60 పాయింట్లు చేశాడు. 33 షాట్లలో 21, అందులో 8 త్రీలు, 11 ఫ్రీ త్రోలలో 10. ట్రూ షూటింగ్ 79 శాతం. అతని జట్టు గోల్డెన్ స్టేట్ వారియర్స్ 142-106తో గెలిచింది. నాలుగో క్వార్టర్‌లో అతను కోర్టులోకే రాలేదు. అంటే చచ్చిన పాముని కొట్టి తెచ్చుకున్న అంకె కాదది, పాముని చంపిందే అతను. 2005 డిసెంబర్ 20న డల్లాస్ మీద కోబీ బ్రయంట్‌దీ ఇదే కథ. మూడు క్వార్టర్లు ముగిసేసరికి అతనొక్కడి స్కోరు 62, డల్లాస్ జట్టంతా కలిపి 61. ఇలాంటి వాటికి ఏ ప్లస్ వేయడానికి వెనకాడకండి. సీజన్‌లో ఒకటి రెండుసార్లకు మించి మీ చేతినుంచి ఏ ప్లస్ జారుతుంటే మాత్రం కొలబద్ద ఒకసారి సరిచూసుకోండి.

కాబట్టి చేయాల్సిందేమిటంటే, మొదటి గీతకు ముందున్న పరుగు, అంటే ఒక జట్టే వరుసగా పాయింట్లు కొట్టేసిన దశ, వెతకండి. 14-2, 18-4 లాంటి ఒక వరుస ప్రతి ఏకపక్ష మ్యాచ్‌లోనూ ఉంటుంది, ఆట అక్కడే తెగుతుంది. ఆ నాలుగైదు నిమిషాలు వీడియోలో రెండోసారి చూడండి. అప్పుడు కోర్టులో ఉన్న ఐదుగురెవరు, బంతి లాగేసిందెవరు, పాస్‌కి ముందు పాస్ ఇచ్చిందెవరు? తీరిక లేక మ్యాచ్ మొత్తం చూడలేకపోయినా ఈ ముక్క తప్పకూడదు.

డిఫెన్స్‌కి అదృష్టం కలిసొచ్చిందా?

ప్రత్యర్థి త్రీలు ముప్పైలో ఆరే పడ్డాయంటే మన డిఫెన్స్ అద్భుతమని రాసేయాలనిపిస్తుంది. ఆ తప్పిన షాట్లు ఒక్కసారి చూడండి. ముఖానికి చెయ్యి అడ్డం పెట్టేంత దగ్గరగా డిఫెండర్ ఉండి తప్పాయా, ఎవరూ దగ్గర లేకుండానే తప్పాయా? రెండోదైతే ఆ ఘనత మనవాళ్లది కాదు. నేను తప్పిన త్రీలను రెండు వరుసల్లో గీతలు పెట్టి లెక్కపెడతాను, ఐదారు నిమిషాల పని. బాస్కెట్ దగ్గర వచ్చిన షాట్ల సంఖ్య, మనవాళ్లు చేసిన ఫౌల్స్, పోగొట్టుకున్న డిఫెన్సివ్ రీబౌండ్లు అదృష్టం మీద ఇంతగా ఆధారపడవు. డిఫెన్స్ గ్రేడు వాటి మీద నిలబెట్టండి.

బెంచ్‌ని వేరే కొలతతో

రిజర్వ్ ఆటగాళ్లకు దొరికేది ఎక్కువగా మూడో ముక్కే. ఆ నిమిషాల్ని పూర్తిగా కొట్టేస్తే వాళ్లకు గ్రేడే ఉండదు, స్టార్టర్లతో సమానంగా తూచితే అన్యాయం. అందుకే వాళ్ల విషయంలో షాట్ పడిందా లేదా అన్నది వదిలేసి, నిర్ణయాన్ని చూడండి. కోచ్ చెప్పిన సెట్ నడిపారా? తేడా 30 ఉన్నా డిఫెన్స్‌లోకి వెనక్కి పరిగెత్తారా? ఖాళీగా ఉన్న సహచరుణ్ని వదిలేసి ముగ్గురి మధ్యలోంచి షాట్ ఎత్తారా? గడియారం పరిగెడుతుంటే చాలు అనుకునే సమయంలో ఫౌల్ చేసి దాన్ని ఆపారా? తదుపరి మ్యాచ్‌లో మొదటి క్వార్టర్‌లోనే ఇతన్ని పిలవొచ్చా అన్నది కోచ్ చూసుకునేది వీటినిబట్టే. ఐదు నిమిషాలలోపు ఆడినవాడికి గ్రేడు వేయకండి, ‘గ్రేడు లేదు’ అని రాయండి.

సొంత లెక్కల వేట కనిపిస్తే గ్రేడు తగ్గించండి. 2003 మార్చిలో క్లీవ్‌లాండ్ ఆటగాడు రికీ డేవిస్ యూటా మీద భారీ ఆధిక్యంలో ఉండగా, ట్రిపుల్ డబుల్‌కి (మూడు రకాల లెక్కల్లో పది చొప్పున) ఒక్క రీబౌండ్ తక్కువైందని సొంత బాస్కెట్ వైపు బంతి విసిరి పట్టుకున్నాడు. ఆ రీబౌండ్ లెక్కలోకి రాలేదు, పైగా జట్టు జరిమానా వేసింది. ఇంత బాహాటంగా ఎవరూ చేయరు గానీ, చివరి రెండు నిమిషాల్లో పదో అసిస్ట్ కోసం తేలికైన లేఅప్ మానేసి పాస్ ఇచ్చేవాళ్లు తరచూ కనిపిస్తారు. ప్రవర్తన కూడా చూడండి. 1992 బార్సిలోనాలో అమెరికా అంగోలాను 116-48తో ఓడించింది. మధ్యలో 46-1 పరుగు ఉంది. ఆ ఒక్క పాయింటూ చార్లెస్ బార్క్లీ మోచేత్తో పొడిచినందుకు దక్కిన ఫ్రీ త్రో. బార్క్లీ అప్పుడు 24 పాయింట్లు చేశాడు. నేనైతే ఒక మెట్టు దించేవాణ్ని.

ఇక్కడొక మినహాయింపు. కొన్ని పోటీల్లో పాయింట్ల తేడాకూ విలువ ఉంటుంది. ఫిబా గ్రూపు దశల్లో జట్లు సమానమైతే తేడా లెక్కలోకి రావచ్చు. ఎన్‌బీఏ 2023లో మొదలుపెట్టిన సీజన్ మధ్య టోర్నమెంట్‌లోనూ అంతే. ఆ నవంబర్‌లో చికాగో మీద బోస్టన్ 30 పైగా ఆధిక్యంలో ఉండి కూడా, ఫ్రీ త్రోలు సరిగా వేయలేని చికాగో ఆటగాడు ఆండ్రీ డ్రమండ్‌ని కావాలనే ఫౌల్ చేసింది, తేడా పెంచుకోవడానికే. అలాంటి రోజు గార్బేజ్ టైమ్ అన్నదే లేదు. గ్రేడ్లు మొదలుపెట్టే ముందు పోటీ నిబంధనలు చూసుకోండి.

ప్రత్యర్థి ఎవరు, ఎవరు లేరు?

2021 డిసెంబర్ 2న మెంఫిస్ 152-79తో ఓక్లహోమా సిటీని ఓడించింది. 73 పాయింట్ల తేడా, ఎన్‌బీఏ రికార్డు. అప్పటిదాకా 1991లో మయామీ మీద క్లీవ్‌లాండ్ 148-80తో గెలిచిన 68 పాయింట్లే అత్యధికం. ఓక్లహోమా ఆ రోజు తన స్టార్ షే గిల్జస్-అలెగ్జాండర్ లేకుండా ఆడింది, మెంఫిస్‌కీ తన స్టార్ గార్డ్ జా మొరాంట్ లేడు. ఇలాంటప్పుడు అవతల స్టార్ లేడని అందరికీ ఒకే కోత పెట్టేయకండి. అతన్ని కాపలా కాయాల్సిన మన డిఫెండర్‌కే పరీక్ష తప్పింది, అతని గ్రేడుకే పై హద్దు పెట్టండి. మొరాంట్ బదులు బంతి నడిపినవాడికి పని పెరిగింది, అతనికి కాస్త ఉదారంగా ఉండండి.

గ్రేడు పక్కన రాసే వాక్యం

అక్షరం ఒక్కటే పెడితే ఎవరికీ ఉపయోగం లేదు. పక్కన రెండు మూడు వాక్యాలుండాలి, వాటిలో కనీసం ఒకటి బాక్స్ స్కోర్‌లో దొరకనిదై ఉండాలి. ‘14 పాయింట్లు, 9 అసిస్టులు, బాగా ఆడాడు’ అన్నది గ్రేడు కాదు, బాక్స్ స్కోర్‌ని చదివి వినిపించడం. ‘రెండో క్వార్టర్‌లో ప్రత్యర్థి జోన్ డిఫెన్స్‌లోకి మారగానే రెండు పొజెషన్లలోనే మధ్యలో ఖాళీ కనిపెట్టాడు, అక్కణ్నుంచే 16-3 పరుగు మొదలైంది’ అంటే ఆటగాడికీ, చదివేవాడికీ పనికొస్తుంది.

అన్నీ రాశాక గ్రేడ్లన్నీ ఒక వరుసలో పెట్టి చూడండి. పదిమందిలో ఏడుగురికి ఏ వచ్చిందంటే మళ్లీ స్కోరుబోర్డే మీ చేత రాయించిందన్నమాట. మూడు ఏలు, మూడు నాలుగు బీలు, ఒకటి రెండు సీలు, ఒకరికి ‘గ్రేడు లేదు’ అన్నది 36 తేడా మ్యాచ్‌కి నాకు సహజంగా కనిపించే పంపకం. కోటా పెట్టుకుని బలవంతంగా సీలు ఇరికించడం మాత్రం అంతకంటే ఘోరం. కోచ్‌కి కూడా ఒక గ్రేడు వేయండి, ఒక్క విషయం చూసి: ఆట తేలిపోయాక స్టార్టర్లను ఎంత త్వరగా కూర్చోబెట్టాడు? తేడా 30 ఉండగా నాలుగో క్వార్టర్ మధ్యలో ప్రధాన గార్డ్ ఇంకా కోర్టులోనే పరిగెడుతుంటే, ఎంత తేడాతో గెలిచినా సరే, బి మైనస్ దాటనివ్వకండి.